గణితం పోస్టు ఖాళీ

రాయదుర్గంలో, జీన్స్ ప్యాంట్లు కుట్టే వీధుల మధ్య ఒక మున్సిపల్ హైస్కూలు. శనివారం ఉదయం. స్టాఫ్ రూములో ఇద్దరే ఉన్నారు. పదిహేడేళ్లుగా ఇక్కడ లెక్కలు చెబుతున్న రెబెకా, ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు అదే బడికి టీచరుగా వచ్చిన పుష్పావతి.

"అట్ల కాదు మేడం. మీరు నిలబడి నేను కూర్చుంటే ఏం బాగుంటాది? మీరు కూర్చోండి ముందు."

"కూకోమ్మా పుష్పా. ఇంగ ఈ కుర్చీ నీదే. ఒక కాలు రొంత ఊగుతాది. గోడకి ఆనించి కూకుంటే ఏం కాదు."

"నాకి ఇంగొకటి వేస్తారులే మేడం."

"ఇంగొకటి యాడుంది? లెక్కలకి ఒకటే పోస్టు, ఒకటే కుర్చీ."

"ఒకటే ఎట్ల? మీరొకరు, నేనొకదాన్ని."

"జయరాం సార్ నీకేం చెప్పలేదా?"

"హెడ్మాస్టరు సారా? 'రెబెకా మేడం దగ్గరికి పోమ్మా, ఆమె అంతా చూపిస్తాది' అన్నారు. అంతలోనే ఫోన్ వచ్చె, బయటికి పోయినారు."

"ఆయన అంతే. చెప్పాల్సినప్పుడే ఆయనకి ఫోన్ వస్తాది."

"ఏంది మేడం చెప్పాల్సింది?"

"నీ ఆర్డరు ఇట్ల ఇయ్యి. అద్దాలు యాడ పెట్టినానో... ఆఁ. ఇదిగో, చదువు ఈ లైను."

"'స్కూల్ అసిస్టెంట్, గణితం. ఖాళీగా ఉన్న స్థానమునందు నియమించడమైనది.' ఇదేగదా మేడం? అందరికీ ఇట్లనే ఇచ్చినారు."

"ఆ ఖాళీ నేనే."

"ఏమంటాండారు మేడం?"

"నేనే అంటాండా. నువ్వొచ్చింది నా పోస్టుకి."

"మీరు ఉండారు గదా ఈడ. మనిషి ఉంటే ఖాళీ ఎట్లయితాది?"

"నేను కాంట్రాక్టు పుష్పా. రూలు ప్రకారం కాంట్రాక్టు మనిషి కూకున్న కుర్చీ ఖాళీ కుర్చీనే."

"మీరు... కాంట్రాక్టా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"వచ్చిన దినం నుంచి."

"ఆరో తరగతి నుంచి పది దాకా నేను మీ దగ్గరే చదివినా మేడం. ఒక్కనాడు చెప్పలా మీరు."

"పిల్లోళ్ళకి ఏమని చెప్పేది? వీళ్ళు పర్మినెంటు, వీళ్ళు కాదు అని బోర్డు మీద రాయాల్నా?"

"తర్వాతైనా చెప్పొచ్చు గదా. డీఎస్సీకి చదివేటప్పుడు ఆదివారాలు మీ ఇంట్లోనే ఉంటి. రెండేండ్లు."

"అప్పుడు నీకి చదువుకునేదే శానా ఉండె. మధ్యలో నా సంగతేంటికి?"

"ఇన్నేండ్లు ఎట్ల పెట్టుకున్నారు మరి మిమ్మల్ని?"

"పెట్టుకోలా. ప్రతి ఏడూ తీసేసినారు. ఏప్రిల్ నెలాఖర్లో అగ్రిమెంటు అయిపోతాది. జూన్‌లో కొత్త అగ్రిమెంటు. అందులో నేను సంతకం పెట్టి రాసిస్తా, ఈ ఉద్యోగం మీద నాకి ఏ హక్కూ లేదు అని. పదిహేడు సార్లు తీసేసినారు, పదహారు సార్లు చేర్చుకున్నారు. అంతే లెక్క."

"కోర్టుకి పోవల్ల మేడం."

"పోయినాం. జిల్లాలో నలభై మందిమి. ఆరేండ్లు తిరిగినాం. కోర్టులో ఏమన్నారో తెల్సునా? మీ సర్వీసు వరసగా లేదు, ఏడాదికోసారి తెగింది, అందుకని లెక్కలోకి రాదు అన్నారు. తెగింది నిజమే. తెంపింది ఎవురు అని మాత్రం అడగలా."

"మరి మీరు డీఎస్సీ ఎందుకు రాయలా? మాకందరికీ చెప్పినారు గదా."

"రాసినాలే. రెండు సార్లు. రెండోసారి అర మార్కులో పాయ. దాని తర్వాత నోటిఫికేషన్ ఈ ఏడొస్తాది, వచ్చే ఏడొస్తాది అని ఎదురు చూస్తానే ఉంటి. అది వచ్చేటప్పటికి నాకి వయసు దాటిపాయ."

"అంటే... నాకిచ్చిన ఆ పుస్తకాలు..."

"నేను చదివేకి కొనుక్కున్నవే. ఇంగ నాకి పనికి రావు గదా, నీకిచ్చినా."

"మీ దగ్గర రెండు సెట్లు ఉండాయేమో అనుకుంటి మేడం."

"రెండు సెట్లు ఎవురు కొంటారు? ఏడుస్తావేంటికి? నీకి చెప్తాంటే నేనే రాస్తాన్నట్ల ఉండేది నాకి. నీకి ర్యాంకు వచ్చిందని తెల్సిన ఆదివారం నేను చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పినా. మా పాస్టరమ్మ అడిగె, మీ సొంత బిడ్డనా అని."

"మేడం, నాకి తెల్దు. ఒట్టు. ఇది మీ పోస్టని నాకి తెల్దు."

"తెల్సని నేను అనలా గదా."

"కౌన్సెలింగ్ హాల్లో తెర మీద ఊర్ల పేర్లు పోతా ఉండాయి. ఒక నిమిషం టైమిచ్చినారు. నేను ఇది నొక్కినా."

"మీ అమ్మ నల్లమ్మ చెప్పింది. మిషను కాడ్నుంచి లేచి మా ఇంటికి వచ్చె పాపం, వేళ్ళకి నీలం రంగు అట్లనే ఉండె. 'నా కూతురు ఏరి కోరి మీ స్కూలే పెట్టుకుండాది మేడం' అనె. నాకి శానా సంతోషమాయ."

"అమ్మ... అమ్మ అట్లనే చెప్తాది లెండి."

"ఎందుకు, నిజం కాదా?"

"నిజమే. ఉండే వాటిల్లో... అప్పుడు నాకి ఏం తోచలా మేడం. తొందర్లో పెట్టేసినా."

"నీ ఫోన్ మోగుతాంది."

"మోగనీ."

"ఎవురు?"

"నరేంద్ర మేడం. మా ఆయన."

"మాట్లాడమ్మా. మొదటి దినం గదా, ఎట్లుందో ఏమో అని చేస్తాంటాడు."

"తర్వాత మాట్లాడ్తా. అదేం లేదు."

"ఆయనది చిలమత్తూరు దగ్గర ఫ్యాక్టరీనే గదా ఇంగా?"

"ఊఁ."

"పాప?"

"అత్త దగ్గర ఉండాది, ఆడనే. తొమ్మిదో నెల."

"పాలు మాన్పించినావా?"

"ఇంగా లేదు మేడం. దాన్ని ఇడిచి వచ్చి ఈపొద్దు రెండో దినం. రాత్రంతా ఏడ్చిందంట."

"పిల్చుకోని రా పాపని. నల్లమ్మ చూసుకుంటాది. బడి వెనకాలనే ఇల్లు దొరుకుతాది, నేను చూసి పెడ్తా."

"చూద్దాం లెండి మేడం."

"చూద్దాం ఏంది? రోజూ చిలమత్తూరు నుంచి వచ్చి పోయేంత దగ్గరేం కాదు గదా."

"మేడం, నేనొక మాట చెప్తా. నేను పోయి ఆఫీసులో చెప్తా. నాకి ఈ స్కూలు వద్దు, యాడికైనా మార్చండి అని రాసిస్తా. మీరు ఉండండి ఈడనే."

"తిక్కదానివా నువ్వు? నువ్వొద్దంటే నీ వెనకాల ర్యాంకు వాళ్ళు వస్తారు. లేకుంటే ఎవురూ రారు. నేనైతే ఉండేది లేదు. ఈ ఏడు నాకి అగ్రిమెంటే రాలా. కొత్తోళ్ళు వచ్చేదాకా అని సార్ అడిగితే జీతం లేకుండానే చెప్తాండా."

"నా వల్లే గదా రాలా?"

"నీ వల్ల కాదు. కోర్టుకి పోయినోళ్ళకి ఎవురికీ రాలా. కేసు వెనక్కి తీసుకుంటామని ముందే రాసిచ్చినోళ్ళకి మాత్రం వచ్చె. నేను రాసియ్యలా."

"రాసిచ్చింటే అయిపోతాండె గదా మేడం."

"అయిపోతాండె. ఆ పొద్దు నాకి చెయ్యి రాలా పుష్పా. పదహారు సార్లు హక్కు లేదని రాసిస్తి. అడిగింది కూడా తప్పని రాసియ్యమంటే చెయ్యి రాలా."

"ఇప్పుడేం చేస్తారు మరి?"

"ఈ ఊర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో అడిగినా. ముప్పై లోపలోళ్ళు కావాలంట. ఇంటికాడ మిషను ఉండాది, జిప్పులు కుట్టేకి ఇస్తారంట. మీ అమ్మ నేర్పిస్తానంది."

"మా అమ్మ మీకి నేర్పించేదేంది మేడం?"

"ఏమి, తప్పా? నీకి నేను నేర్పించలా?"

"నన్ను క్షమించండి మేడం. నేనొచ్చి మీ కుర్చీ లాక్కున్నట్ల అయిపాయ."

"అదే, ఆ మాట అనద్దు. నువ్వు లాక్కోలా. నీకి ఒక సంగతి చెప్తా, ఎవురితో అనొద్దు. మా ఇంట్లో గూడా తెల్దు. మా ఆయన ఇప్పటికీ జయరాం సార్ మోసం చేసినాడనుకుంటాండాడు. సార్ కనపడితే మొగం తిప్పుకోని పోతాడు. సార్ పాపం గమ్మున పడతాండాడు."

"ఏమయింది మేడం?"

"ఈ పోస్టు ఖాళీ అని చూపించింది నేనే."

"మీరా?"

"నేనే. నా చేత్తోనే."

"మీ పోస్టు మీరే... ఎందుకు మేడం?"

"చెప్తా విను. ఏడేడూ మే నెల్లో ఖాళీల పట్టిక పంపాల. ఈడ క్లర్కు లేడు గదా, కంప్యూటర్ ముందర నేనే కూకుంటా. సార్ చెప్తాడు, నేను కొడతా. గణితం కాడికి వస్తానే సార్ 'నిండిందని కొట్టు మేడం' అంటాడు. రూలు ప్రకారం అది ఖాళీనే. నా కోసమని ఆయన అబద్ధం పెట్టేటోడు. పదహారేండ్లు నన్ను కాపాడింది ఆ అబద్ధమే."

"ఆ మాదిరే ఈ ఏడు గూడా పెట్టింటే..."

"పోయినేడు నాకి గర్భసంచి ఆపరేషన్ అయింది, తెల్సునా?"

"అమ్మ చెప్పింది. నేనప్పుడు పురిటికి ఉంటి, రాలేకపోతి."

"రెండు నెలలు రాలేకపోతి. డిసెంబరు, జనవరి. పదో తరగతికి అదే గదా చదువంతా. నా బదులు ఒకర్ని పంపండి అని సార్ ఆఫీసుకి నాలుగు సార్లు పోయినాడు. మీ స్కూల్లో లెక్కల పోస్టు నిండే ఉంది గదా, ఇంగొకర్ని ఎట్ల పంపేది అన్నారంట. సరే, నాకి లీవు ఇయ్యండి అని అడిగినాం. నువ్వు టీచరు కాదు, నీకి లీవేంది అన్నారు. నేనడిగితే టీచరు కాదు. పిల్లోళ్ళు అడిగితే టీచరు ఉండాది. ఎట్లుందో చూడు."

"అయ్యో."

"కుట్లు మానకముందే వచ్చినా. అప్పటికే పరీక్షలు ముందుకొచ్చె. నలభై ఒక్కమంది రాస్తే ఇరవై ఆరు మంది లెక్కల్లో పోయినారు. ఇరవై ఆరు. నేనుండంగ ఎప్పుడూ ఆరేడు మంది కంటే పోలా."

"మీ తప్పు కాదు గదా మేడం."

"వాళ్ళు ఇప్పుడు కట్టింగ్ యూనిట్లల్లో ఉండారు శానామంది. పొద్దున నేను బడికొచ్చే దావలోనే. నమస్తే మేడం అంటారు. ఒక్కరన్నా తిట్టరు. తిట్టినా బాగుండు."

"నీళ్ళు తాగండి మేడం."

"మేలో కంప్యూటర్ ముందర కూకుంటి. గణితం కాడికి వచ్చె. సార్‌కి ఫోన్ వచ్చె, బయటికి పాయ. నేను ఆ గడిని చూస్తా కూకుంటి. నా పేరు ఆడ ఉన్నన్నాళ్ళు ఇంగొకరు రారు. నన్ను మాత్రం ఉంచుతారా అంటే, ఏప్రిల్‌లోనే తీసేసిరి. నేను పోయినా నా పేరు అడ్డం కూకోని ఉంటాది. ఈ పిల్లోళ్ళకి నేనూ ఉండను, ఇంగొకరూ రారు. ఖాళీ అని కొట్టినా. పంపించేసినా."

"సార్ ఏమన్నారు?"

"వారం తర్వాత తెల్సింది ఆయనకి. రెండు దినాలు నాతో మాట్లాడలా. మూడో దినం వచ్చి, ఇట్ల చేస్తివేంది మేడం అనె. అంతే. కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు ఆయన గూడా."

"నాకెందుకు చెప్పినారు మేడం ఇదంతా?"

"నువ్వు లాక్కున్నావని అనుకుంటాండావు గదా. లాక్కోలా. నేనే పక్కకి జరిగినా. ఎవురో ఒకరు పర్మినెంటు మనిషి వస్తే చాలనుకుంటి, నువ్వే వస్తివి. నీకిప్పుడు ఇరవై ఎనిమిదా?"

"ఊఁ."

"ఇంగ ముప్పై నాలుగేండ్లు సర్వీసు. ఏప్రిల్ వస్తాందంటే నీకి భయం ఉండదు. జ్వరమొస్తే లీవు ఇస్తారు, నీ బదులు మనిషిని పంపుతారు. ఈ వీధి పిల్లోళ్ళకి ముప్పై నాలుగేండ్లు లెక్కల మేడం ఉంటాది. ఏమి, తప్పు చెప్పినానా?"

"లేదు మేడం. మీరు... మీరు చెప్పింది సరే."

"మరి తల ఎత్తి చెప్పు. ఇదిగో, బీరువా తాళం. ఇది మార్కుల రిజిస్టరు. ఈ సంచిలో గుడ్డ ముక్కలు ఉండాయి, త్రిభుజాలు, వృత్తాలు. గుర్తుందా?"

"యూనిట్ల కాడ పారేసే ముక్కలు తెమ్మంటాంటిరి. నేను వృత్తం కత్తిరిస్తే వంకాయ మాదిరి వచ్చె."

"నవ్వినావు, చాలు. తొమ్మిదో తరగతిలో సునంద అని ఉండాది, కిటికీ పక్కన కూకుంటాది. దాన్ని చూసుకో. వాళ్ళమ్మ దాన్ని దారాలు కత్తిరించేకి పెట్టాలని చూస్తాంది. లెక్కల పీరియడ్ కోసమే వస్తా ఉండాది అది. ఆ పీరియడ్ లేదంటే దసరా లోపల మానేస్తాది. రోజూ ఒక్క లెక్క దాన్ని బోర్డు కాడికి పిల్చి చేయించు. అంతే, ఇంగేం వద్దు."

"రోజూ..."

"రోజూ. మర్చిపోవద్దు. పదో తరగతికి సాయంత్రం ఒక గంట ఎక్కువ చెప్తాంటి. నువ్వు పాపతో కష్టమైతే వారానికి మూడు దినాలు చెప్పు. ఇంగ ఈడ సంతకం పెట్టు. చార్జి అప్పజెప్పినాను, తీసుకున్నాను అని."

"ఇప్పుడే పెట్టాల్నా మేడం? సోమవారం పెడితే..."

"సోమవారం నన్ను గేట్లోకి ఎవురు రానిస్తారమ్మా? ముఖం చూపించి హాజరేసే యాప్‌లో నిన్ననే నన్ను తీసేసినారు. పెట్టు."

"పెన్ను..."

"ఇదిగో."

"ఈడనేనా మేడం?"

"ఊఁ, ఆడనే. చూడు, ఎంత బాగుందో సంతకం. ఈపొద్దు నిమ్మళంగా నిద్రపోతా నేను."

అంతలో హెడ్మాస్టరు జయరాం ఫోను చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఏం మేడం, చార్జి అయిందా?"

"ఇప్పుడే సార్. సంతకం పెట్టేసింది."

"పెట్టేసిందా? అట్లనా... సరే."

"అట్లనా అంటారేంది సార్?"

"ఏం లేదు మేడం. టీ తెప్పిస్తా, తాగుదురు."

"సార్, పదిహేడేండ్ల నుంచి చూస్తాండా మిమ్మల్ని. ఏమన్నా ఉంటేనే టీ అంటారు. ఏందది?"

"పుష్పావతమ్మా, నీకి మెసేజ్ ఏమన్నా వచ్చిందా?"

"చూసుకోలా సార్."

"చూసుకోలేదా? సరే... నేనే చెప్తా. రెబెకా మేడం, మీరు రొంత కూర్చోండి."

"నిలబడే వింటా, చెప్పండి."

"డిప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. పుష్పావతమ్మ సోమవారం నుంచి వేరే మండలంలో పనిచేయాలంట. పని సర్దుబాటు అంట."

"ఎవురు? పుష్పానా? ఈపొద్దే గదా చేరింది."

"అదే మేడం. చేరినట్ల చేరింది, పోవల్లంట."

"ఎన్నాళ్ళు?"

"తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు అని ఉండాది."

"అంటే?"

"అంటే... మీకి తెల్దా మేడం? వాళ్ళు మల్ల ఏమన్నా చెప్పేదాకా."

"ఈడికి ఎవురొస్తారు సార్ మరి?"

"ఎవురూ రారు."

"ఎందుకు రారు?"

"పోస్టు ఈయమ్మ పేరు మీదే ఉంటాది మేడం. జీతం ఈ స్కూలు మీదే. మనిషి మాత్రం ఆడ. కాగితం మీద లెక్కల పోస్టు నిండినట్లే."

"నిండినట్లే."

"ఊఁ."

"మల్ల నిండినట్లే. నేను ఖాళీ అని కొట్టింది దీనికా సార్?"

"మేడం, మెల్లగా. పిల్లలు వరండాలో ఉండారు."

"యాడికి పంపుతాండారు?"

"యాడికైతే ఏమిలే మేడం ఇప్పుడు."

"ఆ ఆర్డరు ఇట్ల ఇయ్యండి, చూస్తా."

"ఫోన్‌లో ఉండాది మేడం. సరిగ్గా కనపడదు, చిన్న అక్షరాలు."

"మీరే చదవండి అయితే."

"'పై విషయమునకు సంబంధించి, శ్రీమతి పుష్పావతి, స్కూల్ అసిస్టెంట్, గణితం, వారిని పని సర్దుబాటు ప్రాతిపదికన...' అంతే మేడం."

"దాని కింద ఇంగొక లైను ఉండాది. ఇట్ల నుంచి కనపడతాంది నాకి."

"అది మామూలు రాతే. అన్ని ఆర్డర్లకీ ఉంటాది."

"చదవండి సార్."

"ఏముంటాది మేడం దాంట్లో? సంతకం, తేదీ. మీరు నా మాట వినండి. సోమవారం నుంచి మీరే రొంచేపు వచ్చి పోండి. పదో తరగతి ఒక్కటైనా చూడండి. నేను ఏదో ఒకటి..."

"ఏ పేరు మీద రావాల సార్? నా అగ్రిమెంటు లేదు. నిన్నటిదాకా కాంట్రాక్టు అనేటోళ్ళు, ఇప్పుడు అది గూడా కాదు. పోస్టు నిండింది గదా, రేపు అడిగినా నాకియ్యరు. పిల్లోళ్ళ ముందర నిలబడి నేనెవురని చెప్పాల?"

"తెల్సు మేడం. తెల్సే అడుగుతాండా. ఇంగెవుర్ని అడిగేది నేను?"

"మీరేం చేసినారు సార్ ఇంతసేపు ఫోన్‌లో? ఆపండి, ఈ బడికి వేరే లెక్కల టీచరు లేదు అని చెప్పలేరా?"

"చెప్పినా. పైనుంచి చెప్పినారు, మా చేతిలో లేదు అన్నారు."

"ఎప్పుడూ పైనుంచే. ఆ పైన ఎవురుంటారో పదిహేడేండ్లల్లో ఒక్కసారి గూడా నాకి కనపడలా."

"మేడం, నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. ఆయమ్మ భయపడతాంది, చూడండి."

"నువ్వు భయపడొద్దు పుష్పా. ఇట్ల చూడు. కొత్తదానివని నిన్ను ఎగరేసి ఆడ పడేస్తాండారు. ఎవురికో వాళ్ళ మనిషికి సాయం చేసేకి నిన్ను జరుపుతాండారు. మనం ఒప్పుకునేది లేదు."

"మేడం..."

"మాట్లాడనీ నన్ను. సార్, ఈమె వద్దని రాసిస్తే ఆపల్ల గదా? కొత్తగా చేరినోళ్ళని వాళ్ళ ఇష్టం లేకుండా పంపకూడదు. అట్ల రూలు ఉండాది. కోర్టు చుట్టూ తిరిగినప్పుడు నేను చదివినా అవన్నీ."

"ఇష్టం లేకుంటే... పంపకూడదు. అది నిజమే మేడం."

"చూసినావా పుష్పా? ఒక్క కాగితం చాలు. సోమవారం పొద్దునే నేను నీతో ఆఫీసుకి వస్తా. నల్లమ్మని పిలుస్తా, సునందోళ్ళమ్మని పిలుస్తా. ఒక పూట మిషన్లు ఆపి వస్తారు, నేను అడిగితే వస్తారు. నా కోసం ఎవుర్నీ రమ్మని అడగలా నేను, ఇన్నేండ్లల్లో. పిల్లోళ్ళ కోసం అడుగుతా. ఈ ఒక్కటి మనం గెలుస్తాం."

"రెబెకా మేడం, వద్దు. ఆ పిల్లని బలవంతం చేయొద్దు."

"బలవంతమేంది సార్? మీరు ఊరికే ఉండండి. ఎప్పుడూ ఊరికేనే ఉండారు, ఇప్పుడు గూడా ఉండండి. ఇదిగో పుష్పా, కాగితం. పెన్ను నీ చేతిలోనే ఉండాది. రాయి. 'నాకు డిప్యుటేషన్ ఇష్టం లేదు. నేను ఈ పాఠశాలలోనే పనిచేస్తాను.' రెండు మాటలే. రాయమ్మా."

"పెన్ను మీరే పెట్టుకోండి మేడం."

"ఏమి, రాయవేంది పుష్పా?"

"సార్‌ని ఏమీ అనొద్దు మేడం. సార్ నా కోసమే ఆ లైను చదవలా. పాప కోసమని, కౌన్సెలింగ్ అయిన దినమే అర్జీ పెట్టి ఆ చిలమత్తూరు డిప్యుటేషన్ అడుక్కుంది నేనే."